ఆబోతు పరీక్ష, మగవాని పరీక్ష

మందలోని ఆవులు పలుమారులు ఎదకు వచ్చియు చూడి నిలువనప్పుడు, అనుభవముగల రైతు వాటిని వెంటనే సంతకు తోలడు. దాటిన ఆబోతు సంగతి విచారించును. ఒక్క ఆవు నిలువకున్న లోపము ఆవుయందు ఉండవచ్చును. పెక్కు ఆవులు నిలువకున్న ఆబోతును అనుమానింపవలెనని అతనికి తెలియును. అదే రైతు ఇంట కోడలికి సంతానము కలుగనిచో, ఆమెను మాత్రమే నోములకును వైద్యులకును త్రిప్పుదురు. కొన్ని యెడల కుమారుని మారుమనువు మాటయు బయలుదేరును. ఇట్టి తగవులు పంచాయతీ సభ్యుల యెదుటకు వచ్చుట కలదు గనుక ఈ విషయమును వారికి వివరింపదలచినాము. సంతానము లేని దంపతులలో సుమారు సగము మంది విషయమున మగవాని లోపము, ఒంటరిగానో స్త్రీ లోపముతో కలిసియో, కారణముగా నుండును.

ఆబోతును ఒడ్డు పొడవు చూచి ఎన్నుకొనరాదు. మూపురము, ఉత్సాహము రెండును గల కోడెలు కూడ వీర్యమును సూక్ష్మదర్శినితో పరీక్షింపగా పనికిరానివని తేలుచుండును. సంకరజాతి కోడెలలో ఇట్లు త్రోసివేయబడునవి తక్కువ కాదు. మగతనము వేరు, వీర్యపుష్టి వేరు. ఈ భేదము తెలియకనే పెక్కుమంది పురుషులు పరీక్షయనిన అవమానమని తలచుచున్నారు.

వృషణములు దేహమునకు వెలుపల వ్రేలాడుట చల్లదనము కొరకు. శరీరపు వేడికంటె కొన్ని డిగ్రీలు తక్కువగా ఉండినగాని వాటిలో శుక్రకణములు సరిగా తయారుకావు. మండువేసవిలో దున్నపోతు వీర్యము క్షీణించుటకును, తీవ్రజ్వరము తరువాత మగవానిలో శుక్రకణములు తగ్గుటకును వేడిమియే ముఖ్య కారణము. ఒక శుక్రకణము తయారగుటకు ఆబోతులో సుమారు 61 దినములు, మనుష్యునిలో సుమారు 74 దినములు పట్టును. కావున నేడు తగిలిన దెబ్బ కొన్ని వారములు గడచినగాని బయటపడదు, మానుటకు నెలలు పట్టును.

అయితే ఈ పోలికను అంతటను సాగదీయరాదు. వృషణము గ్రాము ఒక్కింటికి దినమునకు తయారగు శుక్రకణములు ఆబోతు, పొట్టేలు మొదలగువానిలోకంటె మనుష్యునిలో చాల తక్కువ. ఎలుకలో శుక్రకణములు నూటికి 90 వంతులు తగ్గినను పిల్లలు పుట్టుట ఆగకపోవచ్చును. మనుష్యునికి అంతటి నిలువ లేదు. ఒక మందు తిన్న ఎలుక ఈనినంత మాత్రమున ఆ మందు మగవానికి హాని చేయదని చెప్పుటకు వీలులేదు.

ఇక ఎలుక హెచ్చరించినను మనుష్యుడు వినని ఉదంతము ఒకటి కలదు. నేలలోని నులిపురుగులను చంపుటకు అమెరికాలో డి.బి.సి.పి. అను మందును వాడిరి. అది ఎలుకల వృషణములను కృశింపజేయునని 1961లోనే పరిశోధకులు ప్రకటించిరి. అయినను తయారీ, వాడుక సాగుచునే యుండెను. 1977లో కాలిఫోర్నియాలోని ఒక కర్మాగారమున పనివారు, తమలో పెక్కుమందికి బిడ్డలు కలుగుటలేదని మాటలలో గ్రహించి పరీక్ష కోరిరి. కొందరి వీర్యములో శుక్రకణములు బొత్తిగా లేవు, మరికొందరిలో బహు స్వల్పము. మధ్య గడచినవి 16 ఏండ్లు! పురుగుమందు చల్లువారు చేతులకు తొడుగులు, ముఖమునకు ముసుగు వేసికొనవలెనని మేము చెప్పునపుడు నవ్వువారు ఈ సంగతి వినవలెను.

పశువులనుండి నేరుగా వచ్చు ముప్పు ఒకటి గ్రామమునకు మరింత దగ్గరిది. ఆవులు ఈచుకుపోవుటకు కారణమగు బ్రూసెల్లా క్రిమి ఆబోతు వృషణములను వాపజేయును. ఈచుకుపోయిన దూడను, మాయను వట్టి చేతులతో తీసినవారికిని, కాచని పాలు త్రాగినవారికిని అదియే సోకి విడిచి విడిచి జ్వరము కలిగించును. మగవారిలో కొందరికి వృషణముల వాపు వచ్చును. పెయ్యదూడలకు 4 నుండి 8 నెలల వయస్సులో వేయు టీకా దీనికి అడ్డుకట్ట. టీకాల దినమున పెయ్యలన్నియు చేరునట్లు చూచుట సభ్యులు చేయగల పని.

ఏడాది కాపురము చేసినను గర్భము నిలువనిచో ఇరువురును కలిసి వైద్యుని వద్దకు పోవలెనని పెద్దలు చెప్పవలెను. మగవాని వీర్య పరీక్షకు కోతయు సూదియు అక్కరలేదు. 2 మొదలు 7 దినముల వరకు సంయోగము మాని, పరీక్షాలయములోనే వీర్యమిచ్చుట మేలు. ఇంటినుండి తెచ్చినచో గంటలోపల చేర్పవలెను. జ్వరపడి లేచినవాడు మూడు నెలలు ఆగి పరీక్షించుకొనవలెను. మొదటిసారి కొరత కనబడినచో మరల ఒకమారు పరీక్షించినగాని వైద్యులు నిర్ణయము చెప్పరు.