అవగాహన: 2004 శాంతి చర్చలు – ఐర్లాండ్ పాఠం

నేపథ్యం
ఎనుమాముల మార్కెట్‌కు పత్తి, మిర్చి తరలివచ్చే ఉమ్మడి వరంగల్ పల్లెల్లో భూమి, కూలి రేట్ల కోసం మొదలైన పోరు సాయుధ ఘర్షణగా మారి దశాబ్దాలు సాగింది. కాజీపేటలో హిందీ ఉపాధ్యాయుడిగా పనిచేసిన కొండపల్లి సీతారామయ్య 1980లో నక్సలైట్ సంస్థ పీపుల్స్‌వార్‌ను స్థాపించారు. 1990లో వరంగల్ రైతుకూలీ సంఘం మహాసభకు జనం పోటెత్తారు. 1992లో పీపుల్స్‌వార్‌పై నిషేధం పడింది. ఎన్‌కౌంటర్లకు, మందుపాతరలకు మధ్య పల్లె నలిగిపోయింది.

చర్చలకు దారి
• 1997: మాజీ ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ నాయకత్వంలో పౌరస్పందన వేదిక. ఇరుపక్షాల హింసనూ ప్రశ్నించింది.
• 2002: తెలుగుదేశం హయాంలో ప్రతినిధుల ద్వారా సంప్రదింపులు విఫలం.
• 2004: వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం జూలైలో నిషేధాన్ని పొడిగించలేదు.
• 2004 సెప్టెంబర్ 21: పీపుల్స్‌వార్, ఎంసీసీఐ (మావోయిస్టు కమ్యూనిస్టు సెంటర్ ఆఫ్ ఇండియా) విలీనంతో మావోయిస్టు పార్టీ.
• 2004 అక్టోబర్ 15–18: హైదరాబాద్‌లో ముఖాముఖి చర్చలు. ప్రభుత్వం తరఫున హోంమంత్రి కె. జానారెడ్డి, మావోయిస్టుల తరఫున రామకృష్ణ. మరో నక్సలైట్ సంస్థ జనశక్తి కూడా పాల్గొంది.

ఎక్కడ బెడిసింది?
ఆయుధాలతో గ్రామాల్లో తిరగరాదని ప్రభుత్వం, ఆయుధం వదిలేది లేదని మావోయిస్టులు పట్టుబట్టారు. రెండో విడత జరగలేదు. ఎన్‌కౌంటర్ల నేపథ్యంలో 2005 జనవరిలో మావోయిస్టులు వైదొలిగారు. ఆగస్టు 15న మక్తల్ ఎమ్మెల్యే నర్సిరెడ్డి హత్య, 17న మళ్లీ నిషేధం. భూ సమస్యపై వేసిన కోనేరు రంగారావు కమిటీ మాత్రం చర్చల కాలపు ఫలితంగా మిగిలింది.

ఐర్లాండ్‌లో ఏం జరిగింది?
ఉత్తర ఐర్లాండ్‌లో సుమారు 3,500 మంది ప్రాణాలు తీసిన ఘర్షణకు 1998 ఏప్రిల్ 10 నాటి గుడ్‌ఫ్రైడే ఒప్పందం తెరదించింది. అక్కడా ఆయుధాలే పెద్ద చిక్కు. ముందే అప్పగించాలనే షరతుకు బదులు, చర్చలతో పాటే ఆ పనీ సాగాలని 1996లో అమెరికా మాజీ సెనేటర్ జార్జ్ మిచెల్ బృందం సూచించింది. పర్యవేక్షణను స్వతంత్ర అంతర్జాతీయ కమిషన్‌కు అప్పగించారు. ఐరిష్ సాయుధ సంస్థ ఐఆర్‌ఏ ఆయుధ విసర్జన 2005లో గానీ పూర్తికాలేదు. ఒప్పందం మాత్రం నిలిచింది.

మెయిన్స్ విశ్లేషణ
పోలికతో పాటు తేడానూ రాయాలి. ఐరిష్ జాతీయవాదుల పక్షాన ఎన్నికల్లో పోటీచేసే షిన్ ఫెయిన్ పార్టీ ఉంది. బ్రిటన్, ఐర్లాండ్ రెండు ప్రభుత్వాలూ పూచీ పడ్డాయి. 1998 మే 22న ప్రజలు ఓటేసి ఆమోదించారు. మన చర్చల్లో మధ్యవర్తులున్నారు గానీ, కాల్పుల విరమణను పర్యవేక్షించే అధికారం ఉన్న వ్యవస్థ లేదు. మావోయిస్టులు ఎన్నికలను బహిష్కరించారు. ఇరుపక్షాలూ నమ్మే పర్యవేక్షణ లేని శాంతి చర్చలు నిలబడవు. సమాధానం ఈ నిర్ధారణతో ముగించండి.