వడ్రంగి మిషన్‌కు కొత్త పని చెప్పే ముందు

కామారెడ్డి, ఎల్లారెడ్డి నుంచి ఈసారి వచ్చిన ఉత్తరాలు చాలావరకు ఒకే విషయం మీద: చెక్కపనికి కొన్న మిషన్‌ను ఇంకో పనికి వాడొచ్చా? వాడొచ్చు. గొలుసు రంపం మొదట పుట్టింది అడవిలో కాదు. 18వ శతాబ్దం చివర స్కాట్లాండ్ వైద్యులు ఎముక కోయడానికి చేతితో నడిపే గొలుసు రంపం వాడారు. కలప కోత తర్వాతి మాట. పనిముట్టు పని మారడం తప్పు కాదు, దాని వేగం, బలం తెలుసుకోకుండా మార్చడమే తప్పు.

ప్రశ్న: ఇంట్లో గట్కకు, కోళ్లకు కావలసిన మక్కలు చేత్తో ఒలిచి వేళ్లు బొబ్బలెక్కుతున్నాయి. డ్రిల్ మిషన్‌తో ఒలవొచ్చని విన్నాను. మిషన్ పాడవదా?
– ఒక రైతు, ఎల్లారెడ్డి

జవాబు: ఒలవొచ్చు. డ్రిల్ అసలు చేసేది తిప్పడమే, బెజ్జం వేసేది ముందున్న బిట్. బిట్ తీసి, లోపల పళ్లున్న ఒలుపు గొట్టం బిగించి, కంకిని మొనవైపు నుంచి తోస్తే గింజలు రాలిపోతాయి. కంకులు బాగా ఎండాలి. తేమ 14 శాతానికి దిగితే గింజ శుభ్రంగా ఊడుతుంది, పచ్చిగా ఉంటే నలుగుతుంది. వేగం తగ్గించే వీలున్న డ్రిల్‌నే వాడండి, గోడకు వాడే సుత్తి దెబ్బ మీట ఆపేయండి.

ఒక జాగ్రత్త. మోటారును చల్లబరిచే ఫ్యాన్ అదే ఇరుసు మీద తిరుగుతుంది. నెమ్మదిగా నడిపితే గాలి తక్కువై మోటారు వేడెక్కుతుంది. పది నిమిషాలకోసారి ఆపి చల్లారనివ్వండి. చేతులకు గ్లౌజులు వద్దు, వదులు చొక్కా, చీర కొంగు, తువ్వాలు దగ్గరికి రానివ్వద్దు. తిరిగే గొట్టం బట్టను పట్టుకుంటే చేతిని కూడా లాగుతుంది. సంచుల కొద్దీ మక్కలుంటే మాత్రం ఒలిచే పెద్ద మిషన్‌నే పిలిపించుకోండి.

ప్రశ్న: గ్రైండర్‌కు చెక్క కోసే పళ్ల బ్లేడు బిగించి టేకు పలకలు కోస్తున్నాం. పని తొందరగా అవుతోంది. ఇబ్బంది ఉందా?
– వడ్ల పనిచేసే పాఠకుడు, కామారెడ్డి

జవాబు: దయచేసి ఈరోజే ఆపండి. నాలుగంగుళాల గ్రైండర్ నిమిషానికి సుమారు 11,000 చుట్లు తిరుగుతుంది. ఏడంగుళాల చెక్క రంపం మిషన్ అందులో సగం వేగంతోనే పనిచేస్తుంది. పైగా రంపం మిషన్‌కు పలక మీద ఆనే అడుగుభాగం, కోత అయ్యాక తానే మూసుకునే కవరు ఉంటాయి. గ్రైండర్‌కు ఆ రెండూ లేవు. బ్లేడు టేకు ముడిలో ఇరుక్కుంటే మిషన్ ఒక్కసారిగా మీదికి ఎగురుతుంది. ఆ క్షణంలో ఎంత అనుభవమున్న చెయ్యీ ఆపలేదు.

గ్రైండర్‌కు వేరే పనులున్నాయి. తీగల బ్రష్ బిగించి నాగలి కర్రు, గడ్డపార తుప్పు వదిలించొచ్చు. బ్రష్ మీద రాసిన గరిష్ఠ వేగం గ్రైండర్ వేగం కంటే తక్కువ ఉండకూడదు. తీగలు ఊడి ఎగురుతాయి కాబట్టి కళ్లద్దాలు తప్పనిసరి.

ప్రశ్న: గడ్డి కోసే కొడవలిని గ్రైండర్‌తో పదును పెట్టాక రెండు రోజులకే మొద్దుబారుతోంది. ఎందుకు?
– పాడి రైతు, ఎల్లారెడ్డి

జవాబు: అంచు నీలం రంగుకు తిరిగిందేమో చూడండి. దాదాపు 300 డిగ్రీల వేడికి ఉక్కు అలా నీలమవుతుంది. కమ్మరి కొలిమిలో కాల్చి ఇచ్చిన గట్టిదనం అక్కడితో పోతుంది. ఇకమీదట రెండు మూడు క్షణాలకు మించి ఆనించకుండా, ప్రతిసారీ నీళ్లలో ముంచుతూ పట్టండి. చివరి పదును సానరాయి మీదే పెట్టండి. ఇప్పటికే నీలమైన అంచును కమ్మరికి చూపించి మళ్లీ పదును పోయించుకోండి.

ప్రశ్న: సిమెంటుతో పూలకుండీలు పోస్తున్నాను. అచ్చు విప్పితే గోడల నిండా చిల్లులు. ఏం చేయాలి?
– గృహిణి, కామారెడ్డి

జవాబు: సిమెంటులో చిక్కుకున్న గాలి బుడగలే ఆ చిల్లులు. చెక్క నునుపు చేసే సాండర్ మీ ఇంట్లో ఉంటే గరుకు కాగితం తీసేసి, అచ్చు బయటి గోడకు ఆనించి అర నిమిషం నడపండి. ఆ వణుకుకు బుడగలు పైకొచ్చి పగులుతాయి. బుడగలు రావడం ఆగగానే మీరూ ఆపండి. ఇంకా నడిపితే కంకర అడుక్కి దిగి నీళ్లు పైకి తేలతాయి. తడి చేతులతో మిషన్ ముట్టుకోవద్దు. షాక్ కొడితే కరెంటును ఆపే ట్రిప్ స్విచ్ ఉన్న లైనుకే తగిలించండి.

కొత్త పని తోచిన ప్రతిసారీ మూడు సంగతులు చూసుకోండి. ఇది ఎంత వేగంగా తిరుగుతుంది? ఈ బరువు మోయగలదా? జారితే నా చెయ్యి ఎక్కడుంటుంది? మూడింటికీ జవాబు తెలిశాకే స్విచ్ వేయండి.