సోయానూనె హైడ్రోజనీకరణంలో ద్విలోహ ఉత్ప్రేరకాలు – గంధక విషప్రభావం: ఉత్తర తెలంగాణ నేపథ్యంలో ఒక పరిశీలన

సారాంశం

పూర్వపు ఆదిలాబాద్ జిల్లాలో పండే సోయాచిక్కుడుకూ, పూర్వపు కరీంనగర్ జిల్లాలోని రామగుండంలో తయారయ్యే యూరియాకూ ఒక సామాన్య రసాయన సమస్య ఉంది. రెండింటి శుద్ధిలోనూ, తయారీలోనూ లోహ ఉత్ప్రేరకాలకు గంధకం శత్రువు. రెండు లోహాలను కలిపి తయారుచేసిన ఉత్ప్రేరకాలు ఈ విషప్రభావాన్ని ఎంతవరకు తట్టుకోగలవో, ఆ విషయం విస్తరణ శాస్త్రవేత్తకు ఎందుకు అవసరమో ఈ వ్యాసం వివరిస్తుంది.

ఎంపికతో కూడిన హైడ్రోజనీకరణం

సోయానూనెలోని కొవ్వు ఆమ్లాలలో సుమారు 53 శాతం లినోలిక్, 23 శాతం ఓలిక్, 7–8 శాతం లినోలెనిక్ ఆమ్లాలు ఉంటాయి. మూడు ద్విబంధాలు గల లినోలెనిక్ ఆమ్లం గాలిలోని ఆక్సిజన్‌తో త్వరగా చర్య జరపడం వల్ల నూనె ముక్కవాసన పడుతుంది. ఆ ఒక్క ఆమ్లాన్ని మాత్రమే తగ్గించి, మిగిలిన వాటిని యథాతథంగా ఉంచడమే ఇక్కడ ఎంపిక. చర్య హద్దు మీరితే స్టియరిక్ ఆమ్లం పెరిగి నూనె గడ్డకడుతుంది. ద్విబంధం విన్యాసం మారితే ట్రాన్స్ కొవ్వులు ఏర్పడతాయి. ట్రాన్స్ కొవ్వులు గుండెజబ్బులకు దోహదం చేస్తాయి. అందుచేత భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నూనెలు, కొవ్వులలో వాటి పరిమితిని 2021లో 3 శాతానికి, 2022 జనవరి నుండి 2 శాతానికి తగ్గించింది.

నికెల్‌పై గంధకం చర్య

ఈ చర్యకు పరిశ్రమలో చిరకాలంగా వాడుతున్నది నికెల్. హైడ్రోజన్ సల్ఫైడ్ వంటి గంధక సమ్మేళనాలు నికెల్ ఉపరితలాన్ని తాకగానే విడిపోతాయి. గంధక పరమాణువు లోహంతో బలమైన బంధం ఏర్పరచుకుని, చుట్టుపక్కల గల అనేక నికెల్ పరమాణువులను పనికిరాకుండా చేస్తుంది. కనుకనే పదిలక్షల భాగాలలో కొద్ది భాగాల గంధకం సైతం హాని చేయగలదు.

హాని వేగం తగ్గడంతో ఆగదు. గంధకం ఆక్రమించిన ఉపరితలంపై హైడ్రోజన్ కొరవడుతుంది. అప్పుడు సగం చర్య జరిగిన అణువు హైడ్రోజన్‌ను గ్రహించడానికి బదులు తిరిగి విడిపోతూ ట్రాన్స్ రూపంలోకి మారుతుంది. అంటే గంధక విషప్రభావం ఉత్ప్రేరకం ఖర్చుకు సంబంధించిన సమస్య మాత్రమే కాదు, ఆహార నాణ్యతకు సంబంధించిన సమస్య కూడా.

రెండవ లోహం చేసే మేలు

రెండవ లోహం రెండు విధాలుగా తోడ్పడుతుంది. మొదటిది, అది క్రియాశీల పరమాణువుల గుంపులను విడదీసి, పెద్ద గుంపులు అవసరమైన అవాంఛిత చర్యలను తగ్గిస్తుంది. ఇథిలీన్‌లోని ఎసిటిలీన్‌ను తొలగించే పల్లాడియం–వెండి ఉత్ప్రేరకం దీనికి ప్రసిద్ధ ఉదాహరణ. రెండవది, అది మొదటి లోహపు ఎలక్ట్రాన్ స్థితిని మారుస్తుంది. ప్లాటినం–పల్లాడియం జోడీలో ప్లాటినంపై ఎలక్ట్రాన్ సాంద్రత తగ్గి, గంధకంతో బంధం బలహీనపడుతుంది. డీజిల్‌లోని ఆరోమాటిక్ సమ్మేళనాల హైడ్రోజనీకరణంలో ఈ జోడీ విడి లోహాలకంటే ఎక్కువగా గంధకాన్ని తట్టుకుంటుంది.

అయితే ఈ ఫలితాన్ని వంటనూనెకు నేరుగా అన్వయించరాదు. నూనెలోని ట్రైగ్లిజరైడ్ అణువులు పెద్దవి. అవి సూక్ష్మరంధ్రాలలోకి నిదానంగా చొచ్చుకుపోతాయి. గంధకంతోపాటు ఫాస్ఫటైడ్లు, సబ్బు అవశేషాలు కూడా ఉపరితలాన్ని కప్పివేస్తాయి. రాగికి లినోలెనిక్ ఆమ్లాన్ని ఎంచుకునే గుణం ఎక్కువే కాని, నూనెలో మిగిలిపోయిన రాగి ఆక్సీకరణాన్ని వేగవంతం చేస్తుంది.

రామగుండం ఉదాహరణ

గంధకాన్ని తట్టుకోవడమే కాక, గంధకంతోనే పనిచేసే ద్విలోహ ఉత్ప్రేరకం కూడా ఉంది. అది కోబాల్ట్–మాలిబ్డినం. రామగుండంలో 1980లో ఆరంభమైన బొగ్గు ఆధారిత ఎరువుల కర్మాగారం 1999లో మూతపడింది. అక్కడే రామగుండం ఫెర్టిలైజర్స్ అండ్ కెమికల్స్ లిమిటెడ్ 2021లో సహజవాయువు ఆధారంగా ఉత్పత్తి ప్రారంభించింది. దీని వార్షిక సామర్థ్యం 12.7 లక్షల టన్నుల యూరియా.

సహజవాయువుతో అమ్మోనియా తయారుచేసే పద్ధతిలో సంస్కరణ దశలోని నికెల్‌ను కాపాడడానికి వాయువును ముందుగా శుద్ధి చేస్తారు. సుమారు 350–400 డిగ్రీల సెల్సియస్ వద్ద కోబాల్ట్–మాలిబ్డినం ఉత్ప్రేరకం కర్బన గంధక సమ్మేళనాలను హైడ్రోజన్ సల్ఫైడ్‌గా మారుస్తుంది. దానిని జింక్ ఆక్సైడ్ పట్టుకుని జింక్ సల్ఫైడ్‌గా మారుతుంది. ఈ ఉత్ప్రేరకం సల్ఫైడ్ రూపంలోనే క్రియాశీలం. గంధకం లేని వేడి హైడ్రోజన్‌లో ఎక్కువ కాలం ఉంటే అది తన చురుకుదనాన్ని కోల్పోగలదు.

నికెల్ సున్నితత్వానికి ఇక్కడ అనుసరించిన పరిష్కారం నికెల్‌ను మార్చడం కాదు, దానికి ముందు శుద్ధి దశను నిలపడం. వంటనూనెకూ ఇదే క్రమం వర్తిస్తుంది. జిగురు తొలగింపు, తటస్థీకరణం, రంగు తొలగింపు సక్రమంగా జరిగిన తరువాతనే ద్విలోహ ఉత్ప్రేరకం తన పూర్తి ప్రయోజనాన్ని ఇవ్వగలదు.

విస్తరణ శాస్త్రవేత్తలకు సూచనలు

1. గంధకం ఉత్ప్రేరకానికి విషమని చెప్పి సోయా పంటకు గంధకపు ఎరువును తగ్గించమని సలహా ఇవ్వరాదు. గింజలోని గంధకం ప్రధానంగా మెథియోనిన్, సిస్టీన్ అనే అమైనో ఆమ్లాల రూపంలో మాంసకృత్తులలో ఉంటుంది. నూనె తీసిన తరువాత అది చెక్కలోనే మిగులుతుంది. సుమారు 11 శాతం గంధకం గల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్‌ను, జిప్సంను భూసార పరీక్ష ఆధారంగా సిఫారసు చేయాలి.

2. ఆవజాతి గింజల విషయం వేరు. వాటిలోని గ్లూకోసినోలేట్లు విచ్ఛిన్నమై ఏర్పడే గంధక సమ్మేళనాలు నూనెలోకి చేరతాయి.

3. కోత సమయంలో వానకు తడిసి దెబ్బతిన్న సోయాలో స్వేచ్ఛా కొవ్వు ఆమ్లాలు, నీటితో తొలగని ఫాస్ఫటైడ్లు పెరుగుతాయి. కనుక గింజను 10–12 శాతం తేమకు ఆరబెట్టి నిల్వచేయడం రైతుకు ధర పరంగానే కాక, శుద్ధి కర్మాగారంలోని ఉత్ప్రేరకానికి కూడా రక్షణ.

ముగింపు

ద్విలోహ ఉత్ప్రేరకానికి గల గంధక నిరోధకత పరిమాణాత్మకమైనది, సంపూర్ణమైనది కాదు. రెండవ లోహం కాలవ్యవధిని పెంచుతుంది, ఎంపికను మెరుగుపరుస్తుంది. శుద్ధికి మాత్రం ప్రత్యామ్నాయం కాదు. కళ్ళంలో ఆరబెట్టిన గింజ నుండి కర్మాగారంలోని శుద్ధి దశ వరకు ప్రతి మెట్టూ ఉత్ప్రేరకం ఆయుష్షును నిర్ణయిస్తుంది. ఈ అంశంపై పరిశోధన చేసే విద్యార్థులు కృత్రిమ నమూనా నూనెలతో ఆగక, వివిధ తేమ స్థాయిల వద్ద నిల్వచేసిన స్థానిక సోయా గింజల నూనెతో ఉత్ప్రేరకాలను పరీక్షించడం ఉపయుక్తం.