రెండు మోటర్ల విమానం మీ చేతికొస్తే

ఇంజనీరింగ్ కాలేజీలో ఏరో మోడలింగ్ ల్యాబు చూసుకునేవాళ్లకీ, డ్రోన్ సర్వే కంపెనీల్లో కొత్తగా చేరినవాళ్లకీ ఏదో ఒక రోజు ఈ పని అప్పజెప్తారు: రెండు మోటర్ల ఎలక్ట్రిక్ ఆర్‌సీ విమానం ఒకటి కొని ఎగరేసి చూపించాలి. ఒక మోటరుది బాగా ఎగరేసినవాళ్లు ఇదీ అలాంటిదేలే అనుకుంటారు. కానీ ఉన్న ఒక్క మోటరూ ఆగిపోతే విమానం గాలిలో జారుతూ దిగుతుంది. రెండిట్లో ఒకటి ఆగితే, తిరుగుతున్న రెండోది దాన్ని పక్కకు తిప్పి పడేస్తుంది. కొనేటప్పుడైనా బిగించేటప్పుడైనా ముందు ఆలోచించాల్సింది దీని గురించే.

రెండో ప్రపంచ యుద్ధపు పీ-38, మస్కిటో మోడళ్లు చూస్తే మనసు లాగుతుంది. మొదటిదానికి మాత్రం అవి వద్దు. రెక్క పైన ఉండి, మోటర్లు బాడీకి దగ్గరగా, రడ్డరు పెద్దగా ఉన్న ఫోమ్ విమానం తీసుకోండి. ఈ-ఫ్లైట్ వాళ్ల 1.2 మీటర్ల ట్విన్ ఓటర్, 1.6 మీటర్ల ట్విన్ టింబర్ ఈ కోవలోవే. అసలు ట్విన్ ఓటర్‌ను కెనడాలో పొట్టి రన్‌వేల కోసమే తయారుచేశారు, నెమ్మదిగా ఎగరడం దాని స్వభావం. విడి భాగాలు కొని సొంతంగా కట్టేట్టయితే మోటర్లు, వాటి వేగాన్ని నియంత్రించే ఈఎస్‌సీలు మూడేసి చొప్పున ఒకే కంపెనీవి కొనమని ఆఫీసులో అడగండి. ఒకటి కాలిపోయాక దొరికినదేదో తెచ్చి బిగిస్తే ఇక ఆ రెండూ ఎప్పటికీ సరిసమానంగా తిరగవు.

బిగింపులో తొందర పనికిరాదు. రెండు ఈఎస్‌సీలకూ థ్రాటిల్ క్యాలిబ్రేషన్ ఒకే పద్ధతిలో చేయండి, లేకపోతే ఒక మోటరు ముందు, ఇంకోటి వెనక మొదలవుతాయి. రెండిటిలోనూ రిసీవర్‌కు కరెంటిచ్చే బీఈసీ ఉంటే, అటు వెళ్లే ఎర్ర తీగను ఒకదాంట్లో విడదీసి టేపు చుట్టండి. తీగలు చాలకపోతే మోటరు వైపు మూడు తీగలనే పొడిగించండి. బ్యాటరీ వైపు పొడుగైతే ఈఎస్‌సీలోని కెపాసిటర్ల మీద భారం పెరుగుతుంది. మోటరు తిరగాల్సిన వైపుకు తిరగకపోతే ఆ మూడిట్లో ఏ రెండింటినైనా మార్చితే చాలు. ఈ పరీక్షలన్నీ ప్రొపెల్లర్లు తీసేసి చేయాలి. తర్వాత అక్షరాలున్న ముఖం ముందుకు ఉండేలా వాటిని బిగించి, ఒకరు విమానాన్ని వెనక నుంచి గట్టిగా పట్టుకోగా థ్రాటిల్ పెంచండి. రెండూ ఒకే వేగంతో తిరిగితే శబ్దం ఒకే తీరుగా వస్తుంది. తేడా ఉంటే ఊం... ఊం... అని అలల్లా వినిపిస్తుంది.

బ్యాటరీ సంగతి చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. వోల్టేజి పడిపోయినప్పుడు ఈఎస్‌సీలు మోటరును ఆపేస్తాయి, కానీ రెండూ ఒకే క్షణంలో ఆపుతాయన్న భరోసా లేదు. కాబట్టి సెల్‌కు 3.7 వోల్టులు మిగిలి ఉండగానే దిగేలా ట్రాన్స్‌మిటర్‌లో టైమర్ పెట్టుకోండి. వారమంతా బీరువాలో ఉండే లైపో బ్యాటరీని సెల్‌కు 3.8 వోల్టుల దగ్గర ఉంచాలి.

టేకాఫ్ చాలా జాగ్రత్తగా ఉండాల్సిన ఘట్టం. థ్రాటిల్ నిండుగా ఉంటుంది, వేగం ఇంకా తక్కువ. గాలి వేగంగా తగిలితేనే రడ్డరు పనిచేస్తుంది. ఆ సమయంలో ఒక మోటరు ఆగితే ముక్కు అటువైపు తిరిగి, రెక్క వాలి, విమానం బోర్లా పడిపోతుంది. ఎక్కువ మంది చేసే పొరపాటు ఎలివేటరు లాగడం, థ్రాటిల్ ఇంకా పెంచడం. మీరు థ్రాటిల్ పూర్తిగా తగ్గించండి, ముక్కు కొంచెం దించండి, ఎదురుగా ఏ పొలముంటే అందులో దింపేయండి. వెనక్కి తిప్పాలని చూడొద్దు. పైన ఎత్తులో ఉన్నప్పుడైతే థ్రాటిల్ తగ్గించి, పనిచేస్తున్న మోటరు వైపుకే మెల్లగా తిప్పుకుంటూ రండి. రడ్డరుతో పాటు మోటర్ల వేగం మారే డిఫరెన్షియల్ థ్రస్ట్ నేల మీద తిప్పుకోవడానికి బాగుంటుంది. మొదటి ఎగరవేతల్లో మాత్రం ఆపేసి ఉంచండి.

ఎక్కడ ఎగరేస్తున్నారో కూడా చూసుకోవాలి. హైదరాబాద్‌లోనూ దాని చుట్టూ శంషాబాద్, బేగంపేట విమానాశ్రయాలు, హకీంపేట, దుండిగల్ వైమానిక దళ స్థావరాలు ఉన్నాయి. మైదానం ఖాళీగా కనిపించినంత మాత్రాన అనుమతి ఉన్నట్టు కాదు. డిజిటల్ స్కై మ్యాపులో గ్రీన్ జోన్ అని చూసుకోండి. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం అక్కడైనా 400 అడుగులు దాటకూడదు. డబ్బు తీసుకుని చేసే సర్వేకి, 250 గ్రాములు మించిన డ్రోన్ అయితే, రిమోట్ పైలట్ సర్టిఫికెట్ కావాలి. అది లేకుండా ఎగరేయమంటే ఒప్పుకోవద్దు.

అతిథులొచ్చారనీ కెమెరాలు పెట్టారనీ మిమ్మల్ని తొందరపెడతారు. రెండు మోటర్ల శబ్దంలో తేడా వినిపిస్తుంటే, ఈ రోజు ఎగరదని మీ పైవాళ్లకు అక్కడే చెప్పండి. ట్రాన్స్‌మిటర్ మీ చేతిలో ఉన్నంతసేపూ ఆ మాట చెప్పాల్సింది మీరే.