ఆఫీసుకు రమ్మన్నందుకు ఉద్యోగము విడువవచ్చునా?

పఠింపవలసిన భాగములు: 1 రాజులు 5:13-14, 12:1-20, నెహెమ్యా 3:28-30, 4:21-23, ద్వితీయోపదేశకాండము 24:14-15.



మన పల్లె సంఘములలో అనేక కుటుంబముల బిడ్డలు చెన్నపట్టణము, బెంగుళూరు, హైదరాబాదు నగరములందు కంప్యూటరు కంపెనీలలో పనిచేయుచున్నారు. 2020 మార్చి 25 నుండి కరోనా వ్యాధి నిమిత్తము దేశమంతట రాకపోకలు నిలిపివేయబడినప్పుడు, వారిలో చాలమంది స్వగ్రామములకు వచ్చి, వసారాలోనో మేడగదిలోనో కూర్చుండి కంపెనీ పనిని ఇంటనుండియే జరిగించిరి. ఆ గండము గడచిన తరువాత కంపెనీలు వారిని మరల ఆఫీసుకు రమ్మని ఉత్తరువులు పంపినవి. కొందరు పోయిరి. కొందరు ఉద్యోగమే మానుకొనిరి. “ఇంత జీతము వచ్చు పనిని, ఆఫీసుకు పొమ్మన్నంత మాత్రమున విడిచిపెట్టుదురా? మేము ప్రతిదినము తెల్లవారకముందే పొలమునకు పోవుటలేదా?” అని మన పెద్దలు అడుగుచున్నారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. కోపపడకయు, ఎగతాళి చేయకయు, వాక్యపు వెలుగులో దీనిని పరిశీలింతము.

1. మొదట పని స్వభావమును చూడవలెను

పులికాటు సరస్సునకును బంగాళాఖాతమునకును నడుమనున్న శ్రీహరికోటను మనమందరము ఎరుగుదుము. 1971 అక్టోబరు 9న రోహిణి-125 అను చిన్న రాకెట్టు అక్కడనుండి ఎగిరినది. 2002 నుండి ఆ కేంద్రమునకు సతీష్ ధావన్‌గారి పేరు పెట్టబడినది. సూళ్లూరుపేటనుండి సరస్సు మీది రోడ్డున ఉద్యోగుల బస్సులు పోవుచుండుట మనము చూచుచున్నాము. ఘన ఇంధనమును కలిపి పోయుపని, రాకెట్టు భాగములను ఒకదానిపై ఒకటి నిలిపి బిగించుపని, ఎవరి ఇంటిలోను జరుగునది కాదు. 2019 డిసెంబరు 11న పి.ఎస్.ఎల్.వి. సి-48 ఎగిరిన తరువాత దాదాపు పదకొండు నెలలు అక్కడనుండి ఉపగ్రహమేదియు పైకి పోలేదు. 2020 నవంబరు 7న సి-49 రాకెట్టు మన దేశపు ఉపగ్రహము ఒకటియు, విదేశములవి 9యు మోసికొనిపోయినది. అంతరిక్ష కార్యము ఇంటనుండి చేయదగినది కాదనియు, ప్రతి ఇంజనీరును స్వయముగా పనిచోట ఉండవలసినదే అనియు అప్పటి ఇస్రో అధ్యక్షుడు శివన్‌గారు చెప్పిరి. దానిని ఎవరును కాదనలేరు. పులికాటులో వలవేయు జాలరి, మడిలో నాటువేయు కూలి, ఆసుపత్రిలోని నర్సు, శ్రీసిటీ కర్మాగారములో యంత్రముయొద్ద నిలుచువాడు, వీరందరును పనియున్న చోటికి పోవలసినదే.

అయితే లెక్కలు వ్రాయుట, కంప్యూటరునకు ఆజ్ఞలు కూర్చుట అట్టివి కావు. వాటిని దూరమునుండి చేయవచ్చునని కంపెనీలే గ్రహించినవి. టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ అను పెద్ద కంపెనీ, 2025 నాటికి తన పనివారిలో ఏ సమయమునను నూటికి 25 మందికంటె ఎక్కువమంది ఆఫీసులో ఉండనవసరము లేదని 2020లో ప్రకటించెను. ఆ కంపెనీయే 2023 అక్టోబరు నుండి వారమునకు ఐదు దినములు ఆఫీసుకు రావలెనని కోరెను. అమెరికాలోని అమెజాన్ కంపెనీయు 2024 సెప్టెంబరులో అట్టి ఉత్తరువునే ఇచ్చి, 2025 జనవరి 2 నుండి అమలుపరచెను. మధ్య కాలములో పనివారు నగరములోని అద్దె ఇండ్లు ఖాళీచేసిరి, పిల్లలను ఊరి బడిలో చేర్చిరి, ముసలి తలిదండ్రుల మందులు తమ చేతులలోనికి తీసికొనిరి. ఉత్తరువు ఒక్క పుటయే. కాని అది ఒక సంసారమునంతటిని కదిలించినది.

2. విడిచినవారు ఎవరు?

2022-23 సంవత్సరపు నివేదికలో టి.సి.ఎస్. కంపెనీ గమనింపదగిన సంగతి తెలిపినది. అప్పట్లో ఆరు లక్షలకు పైగానుండిన ఆ కంపెనీ ఉద్యోగులలో మూడవవంతుకు మించి స్త్రీలు ఉండిరి. పూర్వము స్త్రీలు ఉద్యోగము మానుట పురుషులతో సమానముగనో, అంతకంటె తక్కువగనో ఉండెడిది. ఆ సంవత్సరము అది తారుమారాయెను. ఇంటనుండి పనిచేసిన కాలములో కొందరి గృహపు ఏర్పాటులు మారిపోయి, మరల మునుపటివలె కాకుండుటయే కారణమై యుండవచ్చునని ఆ కంపెనీ ఉద్యోగుల శాఖాధికారి మిలింద్ లక్కడ్ అభిప్రాయపడెను.

అమెరికాలో మార్క్ మా మొదలగు పండితులు 54 పెద్ద కంపెనీలను శోధించి 2024లో తెలిపినదేమనగా, ఆఫీసు ఉత్తరువుల తరువాత మానివేయువారు సగటున నూటికి 14 వంతులు పెరిగిరి. వారిలో స్త్రీలును, అనుభవశాలులును, నేర్పరులును ఎక్కువ. ఖాళీయైన స్థానమును నింపుటకు మునుపటికంటె ఎక్కువ కాలము పట్టినది. అదే సంవత్సరము నికొలస్ బ్లూమ్ మొదలగువారు చైనాలోని ట్రిప్ డాట్ కామ్ కంపెనీలో 1,612 మందిపై జరిగిన పరీక్షను ప్రకటించిరి. వారమునకు రెండు దినములు ఇంటనుండి పనిచేయనిచ్చిన వారిలో ఉద్యోగము మానుట మూడవవంతు తగ్గినది. పనికిగాని, పదవుల పెంపునకుగాని నష్టము కలుగలేదు.

ఒక లెక్క చూడుడి. నగరములో పోవుటకు గంటన్నర, వచ్చుటకు గంటన్నర పట్టినయెడల, ఐదు దినములకు పదునైదు గంటలగును. ఇది రెండు దినముల పనికి సమీపము. ఆ గంటలకు జీతము లేదు. చంటిబిడ్డయు, మంచముపట్టిన అత్తయు గల స్త్రీకి ఆ గంటలు ఎక్కడనుండి వచ్చును? కావున ఆమె సోమరితనముచేత మానినదని తీర్పుతీర్చకూడదు. లెక్క కుదరక మానినది.

3. రెహబాము చెప్పిన జవాబు

సొలొమోను 30,000 మందిని వెట్టికి పెట్టెను. అయినను వారిని వంతులుగా విభజించి, ఒక నెల లెబానోనులోను, రెండు నెలలు ఇంటియొద్దను ఉండనిచ్చెను. దూరపు పనికి మనుష్యులను పంపునప్పుడు వారి ఇల్లు ఒకటున్నదని ఆ ఏర్పాటు జ్ఞాపకముంచుకొనినది. అట్లయినను ప్రజలకు ఆ కాడి బరువాయెను. అతని కుమారుడు రెహబాము రాజగుటకు షెకెమునకు వచ్చినప్పుడు, వారు తిరుగబడలేదు. బరువు తగ్గించినయెడల సేవించెదమని మాత్రమే మనవి చేసికొనిరి. అతడు మూడు దినములు గడువడిగి ఆలోచించెను. అంతవరకు మంచిదే. పెద్దలు, నేడు నీవు వీరికి సేవకుడవైతే వీరు ఎల్లప్పుడు నీకు సేవకులై యుందురని చెప్పిరి. అతడు దానిని త్రోసివేసి, తనతో పెరిగిన పడుచువారి మాట వినెను. మరింత బరువు మోపెదనని కఠినముగా పలికెను. పది గోత్రములు తమ గుడారములకు పోయినవి. వారిని మరల పిలుచుటకు అతడు పంపినది ఎవరిని? వెట్టిపనిమీద అధికారియైన అదోరామునే! ఆ రాజ్యము మరల ఒకటి కాలేదు.

ఇందు గ్రహింపవలసినది, అధికారము గలవాడు ఆజ్ఞాపింపకూడదని కాదు. మనవిని విని, కారణము చెప్పక, బలము మాత్రమే చూపినవాడు పనివారిని పోగొట్టుకొనునని.

4. నెహెమ్యా పిలిచిన విధము

నెహెమ్యా యెరూషలేము గోడను కట్టించునప్పుడు అనేకులు ఎవరి ఇంటి ఎదుట వారు బాగుచేసిరి. తన ఇంటిని కాపాడు గోడను మనుష్యుడు శ్రద్ధగా కట్టును. అయితే శత్రువుల భయము కలిగినప్పుడు నెహెమ్యా అందరిని రాత్రివేళ పట్టణములోనే బసచేయవలెనని ఆజ్ఞాపించెను. ఇదియు రమ్మను ఉత్తరువే. కాని భేదము చూడుడి: రాత్రి కాపు, పగలు పని అని కారణము చెప్పెను, తానును వారితోకూడ ఉండి, బట్టలైనను విడువకుండెను. అధిపతికి రావలసిన ఆహారపు భత్యమును సహా పుచ్చుకొనలేదు. అట్టివాడు రమ్మన్నప్పుడు జనులు వచ్చిరి.

యజమానుల పక్షముననున్న న్యాయమును మనము మరుగుచేయకూడదు. క్రొత్తగా చేరిన పడుచువాడు అనుభవశాలి ప్రక్కన కూర్చుండి నేర్చుకొనునది, దూరమునుండి నేర్చుకొనుట కష్టము. వల అల్లుట తండ్రి చేతులను చూచియే గదా కొడుకు నేర్చుకొనును! మరియు ఇంటనుండి పని అను స్వేచ్ఛను కొందరు చెరిపివేసిరి. 2022 సెప్టెంబరులో విప్రో అధ్యక్షుడు రిషద్ ప్రేమ్‌జీ, తమయొద్ద జీతము తీసికొనుచునే పోటీ కంపెనీలకు పనిచేయుచున్న 300 మందిని తొలగించితిమని చెప్పెను. ఒకరి నమ్మకద్రోహము అనేకుల సౌకర్యమును పోగొట్టును.

5. మనము చేయవలసినది

పనివారికి: ఉద్యోగము విడుచుట పాపము కాదు. యాకోబు లాబానును విడిచెను. అయితే గోపురము కట్టగోరువాడు ముందుగా కూర్చుండి ఖర్చు లెక్కించునని ప్రభువు బోధించెను (లూకా 14:28). అప్పులెన్ని, చేతనున్నదెంత, వేరు పని దొరకునా అని చూచుకొని, రెహబామువలె మూడు దినములైనను ఆగుడి. కాని పెద్దల మాట వినుడి. మనవిని వ్రాతమూలముగా, మర్యాదగా చేయుడి. విడిచినచో ఒప్పందపు గడువు తీరువరకు నమ్మకముగా పనిచేసి విడువుడి.

కుటుంబములకు: కోడలు పని మానుకొనవలసి వచ్చినప్పుడు, “కుమారుడు ఎందుకు మానలేదు?” అని ఎవరైన అడిగిరా? ఇంటి బరువును పంచుకొనినయెడల ఆమె పని నిలిచియుండునేమో ఆలోచించుడి.

సంఘమునకు: పిలుపునకు లోబడి నగరమునకు మరల పోయినవారి తలిదండ్రులు ఇక్కడ ఒంటరిగా మిగిలిరి. వారిని వైద్యునియొద్దకు తీసికొనిపోవుటకు సంఘములోని యౌవనులు వంతులు ఏర్పరచుకొనవచ్చును.

చివరకు మనలో ప్రతివానికి ఒక మాట. కంపెనీ ఉద్యోగి మనస్సు నొచ్చినప్పుడు రాజీనామా ఇచ్చును. చేతిలో కొన్ని నెలల సొమ్ము ఉండును. మన మడిలో నాటువేయు స్త్రీ చెట్టుకొమ్మకు కట్టిన ఊయలలో బిడ్డను పడుకొనబెట్టి వచ్చుచున్నది. ఆమెకు రాజీనామా లేదు. మానిన దినము పొయ్యి వెలుగదు. విడువలేనివారి మనవిని వినుట, విడువగలవారి మనవిని వినుటకంటె గొప్ప ధర్మము. కూలివాని జీతమును ప్రొద్దు గ్రుంకకముందే ఇయ్యవలెనని ధర్మశాస్త్రము ఆజ్ఞాపించినది కంపెనీలకు మాత్రమే కాదు. నగరములోని రెహబామును నిందించుటకు ముందు, మన గట్టుమీద నిలుచున్నది రెహబామో, నెహెమ్యాయో చూచుకొందము.

కూడికలో చర్చించుటకు ప్రశ్నలు

1. పనిచోటికి పోవలసిన అవసరము గల పనులేవి, లేనివేవి? మన ఊరినుండి ఉదాహరణములిండు.
2. రెహబాము ఆజ్ఞకును నెహెమ్యా ఆజ్ఞకును గల భేదములు మూడు చెప్పుడి.
3. మీయొద్ద పనిచేయువారు ఈ సంవత్సరము మిమ్మును అడిగిన మనవి ఏది? దానికి మీరిచ్చిన జవాబేమి?