బిడ్డ వరమా, హక్కా?
వీర్యమును నిల్వచేయుటపై శ్రీసభ బోధన



"మా అబ్బాయికి ఇంకా పెళ్లి కాలేదు. క్యాన్సర్ అని తేలింది. మందు ఎక్కించే ముందు వీర్యం తీసి దాచిపెట్టుకోమని డాక్టర్లు అంటున్నారు. అట్లా చేయవచ్చునా స్వామీ?"

ఒక తరము క్రితము మన తనకల్లు, కదిరి ప్రాంతాల్లో ఇటువంటి ప్రశ్న వినబడేది కాదు. ఇప్పుడు వినబడుతోంది. మన బిడ్డలు వైద్యము కొరకు బెంగుళూరుకో, వేలూరుకో వెళ్తున్నారు. అక్కడ ఒక కాగితము చేతికిచ్చి, చికిత్స మొదలుపెట్టేలోగా నిర్ణయించుకోమంటారు. ప్రాణభయముతో ఉన్న ఇంట్లో ఆలోచించే తీరిక ఎక్కడిది? కనుక కష్టము రాకముందే ఈ విషయమును నెమ్మదిగా తెలిసికొందాము.

1. అసలు సంగతి ఏమిటి?

క్యాన్సర్ మందులు త్వరత్వరగా పెరిగే కణములను చంపుతాయి. రోగపు కణములు అట్టివే. కాని వెంట్రుకల మొదళ్లలోని కణములు, పురుషునిలో బీజమును తయారుచేసే కణములు కూడ అట్టివే. అందువలన కొన్ని మందుల తరువాత బీజోత్పత్తి ఆగిపోవచ్చును. మందును బట్టి, మోతాదును బట్టి అది కొందరిలో కొన్ని నెలలకో యేండ్లకో తిరిగి వస్తుంది, కొందరిలో రాదు.

ఈ మందుల చరిత్రలో మన తెలుగువారి చేయి ఉన్నది. 1895లో భీమవరములో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు, వారి తోటి శాస్త్రజ్ఞులు అమెరికాలో తయారుచేసిన అమినోప్టెరిన్ అనే మందునే సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు పిల్లల రక్త క్యాన్సరుకు వాడి, దాని ఫలితమును 1948లో ప్రకటించాడు. ప్రాణము నిలిపే ఇట్టి మందులు దేవుడు మానవుని బుద్ధికిచ్చిన కానుకలు.

మందు ఎక్కించక ముందే వీర్యమును తీసి, ద్రవ నత్రజనిలో, సున్నాకు 196 డిగ్రీల దిగువ చలిలో దాచుట రెండవ సంగతి. రైతు కుటుంబాలకు ఇది కొత్త కాదు. ఎదకు వచ్చిన ఆవుకు సూది వేయించేటప్పుడు పశువైద్య సిబ్బంది తెచ్చే పొగలు గ్రక్కే క్యానులో ఉండేది ఇదే. మనుష్యులలో ఇట్లు నిల్వచేసిన బీజముతో 1953లో అమెరికాలో మొట్టమొదట గర్భములు నిలిచాయి.

2. శ్రీసభ ఏమి బోధిస్తున్నది?

ఆవు విషయములో రైతు చేసేది తప్పు కాదు. మరి మనిషి విషయములో ఎందుకు ఆలోచించాలి? మనిషి పశువు కాదు గనుక. బిడ్డ పుట్టుక మందలో తల పెరగడము వంటిది కాదు. అది జ్ఞానవివాహములో ఒకరికొకరు తమను తాము అర్పించుకొన్న ఇద్దరి ప్రేమ ఫలము.

12వ పయస్ పోపుగారు 1949లోనే కతోలిక వైద్యులతో మాట్లాడుతూ కృత్రిమ గర్భధారణ గూర్చి హెచ్చరించారు. 1987 ఫిబ్రవరి 22న విశ్వాస సిద్ధాంత సంఘము 'దోనుమ్ వీతే' అనే ఉపదేశమును, 2008లో 'దిగ్నితాస్ పెర్సోనే' అనే ఉపదేశమును వెలువరించింది. వీటి సారమును మూడు ప్రశ్నలుగా విడదీయవచ్చును.

మొదటిది: బీజమును ఎట్లు తీస్తారు? ఆసుపత్రిలో సాధారణముగా హస్తప్రయోగము ద్వారా తీస్తారు. ఉద్దేశము మంచిదైనంత మాత్రాన ఆ క్రియ మంచిది కాజాలదు. మంచి ఫలితము కొరకు చెడు సాధనమును వాడరాదనుట నీతిశాస్త్రములో మొదటి పాఠము.

రెండవది: తరువాత ఎట్లు వాడతారు? గాజు పాత్రలో పిండమును తయారుచేసియో, గొట్టము ద్వారా గర్భమునకు చేర్చియో. రెండింటిలోను దంపతుల కలయిక స్థానమును ప్రయోగశాల ఆక్రమిస్తుంది. పైగా గాజు పాత్రలో అనేక పిండములను తయారుచేసి, కొన్నింటిని ఎంచి, మిగిలిన వాటిని పారవేయుటయో గడ్డకట్టించుటయో జరుగుతుంది. ప్రతి పిండము ఒక నిండు ప్రాణమని శ్రీసభ విశ్వాసము.

మూడవది: దేని కొరకు దాస్తున్నారు? కృత్రిమ సంతానోత్పత్తి కొరకు స్త్రీ అండములను గడ్డకట్టించి దాచుట అంగీకారము కాదని 2008 ఉపదేశము స్పష్టము చేసింది. అదే తర్కము పురుష బీజమునకును వర్తిస్తుంది. దాచుట వాడుట కొరకే కదా!

అయితే శ్రీసభ వైద్యమునకు శత్రువు కాదు. దంపతుల కలయికకు బదులుగా కాక, దానికి తోడ్పడే వైద్యమంతటిని అది ఆదరిస్తుంది.

3. నిల్వ ఎక్కడికి దారితీస్తుంది?

మంచిర్యాల జిల్లాకు చెందిన ఒక స్త్రీ విషయమును 2022లో పత్రికలు వ్రాశాయి. సంతానము కొరకు దంపతులు వరంగల్లులో చికిత్స పొందుచుండగా 2021లో భర్త కోవిడ్ వలన మరణించాడు. ఆమె హైకోర్టును ఆశ్రయించి, అక్కడ భద్రపరచినవాటి సహాయముతో 2022 మార్చిలో కుమారుని కన్నది. ఆమె కన్నీటిని మనము తక్కువ చేయరాదు. కాని ఆ బాలుడు తండ్రి చనిపోయిన తరువాత తల్లి గర్భమున పడ్డాడు.

ఢిల్లీలో మరి ఒక అడుగు ముందుకు వేశారు. క్యాన్సరు సోకిన ఒక అవివాహిత యువకుడు 2020లో వీర్యమును దాచి, అదే సంవత్సరము మరణించాడు. మనుమని కొరకు ఆ వీర్యమును ఇప్పించమని తల్లిదండ్రులు కోర్టుకెక్కారు. 2024 అక్టోబరు 4న ఢిల్లీ హైకోర్టు దానిని వారికి అప్పగించమని ఆదేశించింది. అక్కడ భార్య లేదు, వివాహము లేదు. పుట్టబోయే బిడ్డకు తండ్రి ముందే సమాధిలో ఉన్నాడు.

వంశము నిలవాలన్న ఆశ మన రాయలసీమ ఇండ్లలో ఎంత బలమైనదో నాకు తెలియును. కాని బిడ్డ తాతల దుఃఖమునకు మందు కాదు. బిడ్డ తన కొరకే తాను ప్రేమింపబడవలసిన వ్యక్తి. బిడ్డ ఎవరికిని చెల్లవలసిన బాకీ కాదనియు, వివాహమునకు దేవుడిచ్చే శ్రేష్ఠమైన వరమనియు కతోలిక శ్రీసభ సత్యోపదేశము 2378వ సంఖ్యలో బోధిస్తున్నది. మన దేశములో 2022 జనవరి నుండి అమలులో ఉన్న సంతానోత్పత్తి సహాయ చట్టము ఆసుపత్రులకు హద్దులు పెట్టింది. అయితే చట్టము అనుమతించినదంతయు ధర్మము కానేరదు.

4. మరి యువకుడు ఏమి చేయవచ్చును?

మొదట, చికిత్సను ఆపరాదు. రోగమును నయము చేసే మందు వలన సంతాన శక్తి పోయినను అది పాపము కాదు. అది మనము కోరినది కాదు, ప్రాణము కాపాడుకొనుటలో తప్పక వచ్చిన నష్టము. 1968లో 6వ పౌలు పోపుగారు 'హ్యుమానే వీతే' లేఖలో ఈ సంగతినే చెప్పారు.

రెండవది, డాక్టరును ధైర్యముగా అడగండి: "ఇంతే గుణమిచ్చి, సంతాన శక్తికి తక్కువ హాని చేసే మందు ఉన్నదా? రేడియేషను ఇచ్చేటప్పుడు వృషణములకు సీసపు కవచము పెట్టవచ్చునా?" ఇవి అడుగుట రోగి హక్కు. సందేహమున్నవారు బెంగుళూరులో మన కతోలిక పీఠాధిపతుల సమాఖ్యకు చెందిన సెయింట్ జాన్స్ వైద్య కళాశాల ఆసుపత్రిలో సలహా పొందవచ్చును.

మూడవది, సంతాన శక్తి లేనివానికి కూడ పెళ్లి చేసికొనే అర్హత ఉన్నది. వంధ్యత్వము వివాహమునకు అడ్డు కాదని శ్రీసభ చట్టము 1084వ సూత్రము చెబుతున్నది. కాని దానిని దాచి పెళ్లి చేసికొనుట మోసము. అట్టి మోసము వివాహమునే చెల్లకుండ చేయవచ్చునని 1098వ సూత్రము. కనుక పెళ్లిచూపులనాడే, మాట ఖాయము కాకముందే, అమ్మాయికిని ఆమె తల్లిదండ్రులకును నిజము చెప్పవలయును. "చెబితే సంబంధము తప్పిపోతుంది" అని పెద్దలు భయపడతారు. నిజము మీద నిలువని సంబంధము ఎంతకాలము నిలుస్తుంది?

నాలుగవది, దత్తత. క్రైస్తవులు పూర్వము 1890 నాటి చట్టము క్రింద సంరక్షకులు మాత్రమే కాగలిగేవారు. ఇప్పుడు 2015 బాలల న్యాయ చట్టము క్రింద బిడ్డను సొంత బిడ్డగా దత్తత తీసికొనవచ్చును. యోసేపుగారు యేసుబాలునికి శరీర సంబంధమైన తండ్రి కాదు. అయినను నజరేతు ఇంటిలో ఆయన తండ్రి కాడని ఎవరనగలరు?

5. ఇదివరకే ఆ దారిని నడిచినవారు

ఈ వ్యాసము చదివేవారిలో అట్టివారు ఉండవచ్చును. వారిని నిందించుట మన పని కాదు. ఏ విధముగా పుట్టినను ఆ బిడ్డ దేవుని పోలికయే. జ్ఞానస్నానమునకు, ప్రేమకు పూర్తిగా అర్హమైనది. తల్లిదండ్రులకు పాపసంకీర్తన తలుపు తెరిచియే ఉన్నది. అలాగే బిడ్డలు లేని స్త్రీని "గొడ్రాలు" అనుటయు, మందు తిన్న యువకుని "పనికిరానివాడు" అనుటయు మన విచారణలలో ఆగిపోవలయును. మన మాటల పోటుకు తాళలేకనే అనేకులు ఆ ప్రయోగశాలల మెట్లెక్కుచున్నారు.

అన్నమ్మ దేవాలయములో కన్నీరు కార్చి సమూయేలును పొందినది. పాలు మాన్పిన తరువాత అతనిని దేవునికే అర్పించినది. తల్లి కాగోరిన ప్రతి స్త్రీకి, తండ్రి కాగోరిన ప్రతి పురుషునికి ఆమె మనసును దేవుడు దయచేయును గాక.

కుటుంబములో చర్చించుకొనుటకు:

1. మన ఇంట్లో బిడ్డను వరముగా చూస్తున్నామా, వంశపు అక్కరగా చూస్తున్నామా?
2. పెళ్లి సంబంధము కుదుర్చుకొనేటప్పుడు ఆరోగ్య విషయములలో నిజము చెబుతున్నామా?
3. మన విచారణలో సంతానము లేని దంపతులకు మనము ఎట్లు తోడుగా నిలువగలము?