చేయి తిరుగని దినములు



హైదరాబాదు పాతబస్తీలో, 1591లో కట్టబడిన చార్మినారునకు పడమటి ప్రక్కను లాడ్ బజార్ కలదు. పెండ్లి గాజుల కొరకు మన పల్లెలనుండియు అక్కడికి వెళ్లుదురు. ఆ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది. కొనువారు రంగు చూతురు, బేరమాడుదురు. ఈ మాసము మనము గాజును విడిచి, దానిని చేయు చేతిని గూర్చి ఆలోచింతము.

లక్క యనగా చెట్ల కొమ్మలపై చిన్న పురుగులు విడుచు జిగురు. దానిని నిప్పులమీద మెత్తబరచి, రంగు కలిపి, కడ్డీవలె సాగదీసి, వలయముగా వంచి, కొనలు అతికింతురు. అది వెచ్చగా నున్నంతసేపే రాళ్లను ఒక్కొక్కటిగా పొదుగవలెను. చల్లారినయెడల రాయి దిగదు. వేడి మించినయెడల మునిగిపోవును. ఆ నడిమి వేడిని ఉస్తాదు నోటితో చెప్పజాలడు. వ్రేళ్లే నేర్చుకొనవలెను.

కొన్ని సంవత్సరముల క్రిందట మా సంఘములోని యౌవనుడొకడు పట్టణమునకు కుట్టుపని నేర్వబోయి మూడు నెలలకే తిరిగివచ్చెను. “మొదట బాగుగనే వచ్చినదండి. తరువాత ఎంత కుట్టినను చేయి తిరుగలేదు. ఆ పని నాకు రాదు” అనెను. మేమును కాబోలు ననుకొని, ప్రార్థన చేసి, కూలిపనికి పంపితిమి. అది మా తొందరపాటు.

మనశ్శాస్త్రజ్ఞులు ఈ సంగతిని చాలకాలము క్రిందటనే పరిశీలించిరి. 1897లో అమెరికాలో బ్రయన్, హార్టర్ అను ఇద్దరు, తంతి వార్తలు గ్రహించుట నేర్చుకొనువారి ప్రగతిని గీతలుగా గీచి చూపిరి. గీత కొంత దూరము పైకి పోయి, వారముల తరబడి ఎక్కక దిగక నిలిచి, మరల పైకి లేచెను. ఆ నిలిచిన కాలములో అక్షరములు అలవాటై, మాటలుగా కూడుకొనుచుండెనని వారు తలంచిరి. అట్టి నిలుపు అందరికిని రాదని తరువాతివారిలో కొందరనిరి, అదియు మరువరాదు. అయినను మన యౌవనుడు తిరిగివచ్చినది సరిగా అట్టి చోటనుండియే గదా!

1977లో ఆల్బర్ట్ బండూరా అను శాస్త్రజ్ఞుడు, “నేను ఈ పని చేయగలను” అను నమ్మకము ఎక్కడనుండి పుట్టునో వివరించెను. తన చేతితో తాను సాధించినది అన్నిటికంటె బలమైన ఊట. తనవంటివాడు సాధించుట చూచుట మరియొకటి. ఇతరుల ప్రోత్సాహపు మాట వాటికంటె బలహీనము. భయమును అలసటయు ఆ నమ్మకమును క్రుంగదీయును. మేము ఆ యౌవనునికి మాటలు మాత్రమే ఇచ్చితిమి! నిన్న ఎన్ని కుట్టితివి, నేడు ఎన్ని విప్పి కుట్టితివి అని లెక్క అడుగలేదు. ఉస్తాదు ప్రక్కన కాదు, నీకంటె ఆరు నెలలు ముందు చేరినవాని ప్రక్కన కూర్చుండుమని చెప్పలేదు.

మనస్సు మార్చుకొనిన చాలును, జీతము పెరుగునని చెప్పు పుస్తకములు నేడు విస్తారము. మేము అట్లనము. తక్కువ కూలిని, గాలి చొరని గదిని ధైర్యము బాగుచేయదు. వాటిని గూర్చి నోరు తెరచి అడుగవలెను.

నిర్గమకాండములో బెసలేలునకు రత్నములు పొదుగు నేర్పు దేవుడే ఇచ్చెనని చదువుదుము. 35వ అధ్యాయములో ఇంకొక మాట కలదు, దానిని మనము తరచుగా దాటిపోవుదుము: అతనికిని అహోలీయాబునకును ఇతరులకు నేర్పు మనస్సును కూడ ఆయన ఇచ్చెను. చేయి తిరిగినవారు మన సంఘములలో ఉన్నారు. నేర్పుటకు కూర్చుండువారు కొద్దిమందియే.

ఆ యౌవనుని కుమారుడు వచ్చు మాసము అదే పట్టణమునకు అదే పనికి వెళ్లుచున్నాడు. ప్రతి ఆదివారము సాయంకాలము ఫోనులో ఆ వారపు లెక్క చెప్పుమంటిమి. లెక్క వ్రాయుటకు పుస్తకమును తండ్రియే కొని తెచ్చెను.